మనిషి కణంలోని భాగాలు, వాటి పనులు గుర్తుండాలంటే ఎలా చదవాలి?

తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయి కణం బొమ్మ చక్కగా వేస్తుంది కానీ ఏ భాగం ఏం చేస్తుందో మర్చిపోతోందన్నారు. నాదీ అదే కథ. ఇప్పుడు బ్లడ్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. డిప్లొమా వైవాలో ఎగ్జామినర్ "ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఎక్కడుంటుంది?" అంటే తడుముకోకుండా "మధ్యలో సర్" అన్నాను. మైక్రోస్కోపులో చూడమన్నారు. గులాబీ రంగు బిళ్లలు, నడుమ పాలిపోయి ఉన్నాయి. కేంద్రకం ఊసే లేదు.

ఎముక మజ్జలో తయారయ్యేటప్పుడే ఎర్రకణం కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుందట. శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలనూ ఉంచుకోదు. ఉంటే మోసుకెళ్లే ఆక్సిజన్‌ను తానే వాడేసుకునేది. రైబోజోములూ పోతాయి కాబట్టి పాడైన ప్రోటీన్ల బదులు కొత్తవి చేసుకోలేదు. సుమారు 120 రోజులకు దాని పని అయిపోతుంది. ఎర్రకణంలోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరను కొలిచే హెచ్‌బీఏ1సీ టెస్టు గత రెండు మూడు నెలల షుగర్ సంగతి చెప్పగలిగేది అందుకే. లేనప్పుడు ఏం ఆగిపోతుందో చూశాకే ఆ భాగం చేసే పని నా బుర్రకెక్కింది.

ఆ తర్వాత రిపోర్టులే నాకు పాఠాలు. కాలేయం టెస్టులో ఎస్‌జీపీటీ ఉంటుంది కదా, అది ఎక్కువగా కాలేయ కణాల కణద్రవ్యంలో (కణం లోపలి జిగట ద్రవంలో) ఉండే ఎంజైమ్. కణం చుట్టూ ఉండే పల్చటి పొర, అంటే కణత్వచం, దెబ్బతింటే రక్తంలోకి కారిపోతుంది, రిపోర్టులో అంకె పెరుగుతుంది. కణత్వచం కాపలా ఎంత ముఖ్యమో అక్కడే తెలుస్తుంది. (కణకవచం వేరు, కణత్వచం వేరు. కవచం మొక్క కణాలకు ఉంటుంది, మనకు లేదు. పిల్లలకు మార్కులు పోయేది ఇక్కడే.)

నాకు బాగా నచ్చేది క్లోమం కథ. ఇన్సులిన్ ఎలా చేయాలో కేంద్రకంలోని డీఎన్ఏలో రాసి ఉంటుంది. ఆ కబురు అందుకుని, అంతర్జీవద్రవ్యజాలానికి (కణం లోపలి పొరల అల్లికకు) అంటుకున్న రైబోజోములు పొడవాటి ప్రోటీన్ గొలుసు అల్లుతాయి. జాలంలో అది మడతపడి గాల్జీ సంక్లిష్టానికి చేరితే, గాల్జీ దాన్ని చిన్న చిన్న సంచుల్లో సర్దుతుంది. సంచిలో ఉండగా గొలుసు మధ్య ముక్క తెగి విడిపోతుంది. అదే సి-పెప్టైడ్. ఇంజెక్షన్ ఇన్సులిన్‌లో ఈ ముక్క ఉండదు. అందుకే ఇన్సులిన్ వేసుకునేవారి క్లోమం సొంతంగా ఇంకా ఎంత చేస్తోందో తెలియాలంటే డాక్టర్లు సి-పెప్టైడ్ టెస్టు రాస్తారు.

మైటోకాండ్రియాలను 'కణ శక్త్యాగారాలు' అని బట్టీ పట్టిస్తారు. అవి చేసేది ఏటీపీ, అంటే కణం తన పనులకు శక్తి కోసం వాడుకునే పదార్థం. దాన్ని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరని చెప్పండి, ఇక మర్చిపోదు. క్షణం తీరిక లేని గుండె కండరంలో ఇవి కిక్కిరిసి ఉంటాయి. లైసోజోములు చెత్తను అరిగించే సంచులు. తెల్లకణం సూక్ష్మజీవిని మింగినప్పుడు వీటికి చేతినిండా పని.

ఈసారి ఇంట్లో ఎవరైనా రక్తపరీక్ష చేయించుకుంటే ఆ రిపోర్టు అమ్మాయి చేతికివ్వండి. ఎస్‌జీపీటీ మీద వేలు పెట్టి, ఇది కణంలో ఎక్కడ ఉండాల్సిందో అడగండి.