వాగు ఒడ్డున తవ్విన వస పాపకు నాకించొచ్చా?

చెల్లెమ్మా, గుణుపురం దగ్గర వాగు ఒడ్డున తవ్వి తెచ్చింది వసేనా, మాటలు తొందరగా వస్తాయని అత్తయ్యగారు మూడు నెలల పాపకు అరగదీసి నాకిస్తామంటున్నారు, సరేననాలా అని అడిగావు. వద్దమ్మా.

గుర్తుపట్టడం తేలికే. ఆకు కత్తిలా నిటారుగా ఉంటుంది, నడిమి ఈనె కాస్త పక్కకు జరిగి ఉంటుంది. నలిపితే ఘాటుగా, తియ్యగా వాసనొస్తుంది. కొమ్ము, అంటే దాని దుంప, బురదలో అడ్డంగా పాకుతుంది, దానిమీద రాలిన ఆకుల మచ్చలు వరసగా కనిపిస్తాయి.

అయితే అసలైన వసే అయినా పాపకు వద్దు. మన వస నూనెలో బీటా అసరోన్ ఎక్కువ. ఎలుకల్లో కణితులు తెప్పించిన పదార్థమది. అమెరికాలో 1968లోనే వసను ఆహారంలో కలపకుండా నిషేధించారు. ఆయుర్వేదంలోనూ ఇది వాంతి చేయించే మందు, పెద్దవాళ్ళకైనా శుద్ధి చేసి కొద్దిగానే ఇస్తారు. సానరాయి మీద అరగదీస్తే మోతాదు ఎవరికి తెలుస్తుంది?

అత్తయ్యగారిని నొప్పించకు. కొమ్ములు ఎండబెట్టి గుడ్డలో మూటగట్టి పట్టుచీరల మధ్య పెట్టమను, పురుగు చేరదు. మాటల సంగతికైతే, పాప పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడుతోందా చూడు, ఉలిక్కిపడకపోతే చెవి డాక్టరుకు చూపించు. ఇప్పటికే నాకించి ఉంటే, వాంతులైనా మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు, ఆ కొమ్ము కూడా పట్టుకెళ్ళు.