భాగమతి ఉందా లేదా అనే ముందు, మా అమ్మమ్మ అడిగిన మాట

"గోల్కొండ సుల్తాను కులీ కుతుబ్ షా నిజంగానే భాగమతి అనే పేదింటి అమ్మాయిని ప్రేమించి ఆమె పేరుతో భాగ్‌నగర్, అంటే ఇప్పటి హైదరాబాద్, కట్టాడా, లేక ఇదంతా కట్టుకథా?" అని ఒకరు అడిగారు. భాగమతి ఉంది. నాకు ఇందులో అనుమానం లేదు. కానీ మనం చెప్పుకునే కథలో సగం తప్పు. ఆ సగం గురించే నాకు చాలా ఏళ్లుగా చెప్పాలని ఉంది.

ముందు వంతెన సంగతి. యువరాజుగా ఉన్న కులీ వరదలో గుర్రాన్ని మూసీ నదిలోకి దూకించి అవతలి ఒడ్డున చిచ్లం అనే పల్లెలో ఉన్న భాగమతిని చూడబోయాడని, కొడుకు ప్రాణం పోతుందని భయపడి తండ్రి ఇబ్రహీం కులీ మూసీ మీద పురానాపూల్ వంతెన కట్టించాడని చెబుతారు. వంతెన పూర్తయింది 1578లో. పిల్లాడు గద్దెనెక్కింది 1580లో, పదిహేనేళ్ల వయసులో. అంటే వంతెన నాటికి పదమూడేళ్లు. పునాదులు తవ్వేనాటికి ఇంకా చిన్నవాడు. ఆ వయసు పిల్లాడు మనసుపడ్డాడని ఏ తండ్రీ 22 కమానుల రాతి వంతెన కట్టడు. గోల్కొండ సరుకు మచిలీపట్నం రేవుకు చేరాలంటే మూసీ దాటాలి, అందుకు కట్టాడు. తెలుగు కవులు మల్కిభరాముడని నోరారా పిలుచుకున్న ఆ ఇబ్రహీంకు, కొడుకు ప్రేమ తప్ప వేరే పనే లేనట్టు చెప్పడం నాకు నచ్చదు.

అయితే వంతెన కథ తప్పయినంత మాత్రాన భాగమతి అబద్ధం కాదు. అక్బర్ పంపగా దక్కనుకు వచ్చిన కవి ఫైజీ తన నివేదికల్లో భాగ్‌నగర్ పేరు రాశాడు, అది భాగమతి పేరు మీద వచ్చిందనీ రాశాడు. బీజాపూర్‌లో కూర్చుని చరిత్ర రాసిన ఫెరిష్తా కూడా అదే అన్నాడు. పైగా సుల్తాను తరవాత సిగ్గుపడి ఊరి పేరు హైదరాబాద్‌గా మార్చాడని చేర్చాడు. ఇద్దరూ ఆమెను వేశ్య అనే రాశారు. ఇద్దరూ కులీ బతికుండగా రాసినవాళ్లే. షేర్వాణీ వంటి పెద్ద చరిత్రకారుడు ఇవన్నీ బయటివాళ్ల పుకార్లని కొట్టేశారు. భాగ్ కాదు బాగ్, అంటే తోట, అది తోటల నగరం అన్నారు. హైదరాబాద్ చరిత్ర రాసిన నరేంద్ర లూథర్ మాత్రం ఆమె ఉందనే చివరిదాకా వాదించారు. నేను లూథర్ పక్షం. పుకారైనా ఒక మనిషి చుట్టూనే పుడుతుంది. పేరు, వృత్తి, ఊరు అన్నీ పెట్టి లేని మనిషిని తిట్టాల్సిన అవసరం ఎవరికుంటుంది?

"మరి సమాధి ఏది, శాసనం ఏది?" అంటారు. పేదింటి ఆడపిల్లకు శాసనం ఎవరు వేయిస్తారండీ? నాకు ఈ ప్రశ్న వింటేనే కోపం వస్తుంది. మన ఇళ్లలో మూడు తరాల వెనక ఆడవాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు? నాకు మా అమ్మమ్మ వాళ్ల అమ్మ పేరు, అమ్మమ్మ నోటితో చెప్పేదాకా తెలియదు. అది కూడా సమాధుల దగ్గరే తెలిసింది.

ఆరేడేళ్ల కిందట, సంక్రాంతి సెలవుల్లో, అమ్మమ్మను గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీ సమాధులకు తీసుకెళ్లాను. ఆమెకు అప్పటికి ఎనభై దాటింది. మోకాళ్ల నొప్పులతో నాలుగడుగులకోసారి ఆగుతూ నడిచింది. అన్నిటికంటే ఎత్తయిన కులీ సమాధి చూసింది. ఆయన కూతురు హయాత్ బక్షీ బేగం సమాధి చూసింది. "మరి ఆ పిల్లది ఏది?" అంది. ఏ పిల్ల అంటే, "గదే, ఏరు దాటి వచ్చింది ఎవలి కోసమో ఆ పిల్లది" అంది. లేదని చెప్పాను. కులీ మనవడు అబ్దుల్లా కాలంనాటి తారామతి, ప్రేమామతి సమాధులు పక్కపక్కనే ఉంటాయి, వాటిని చూపించి వీళ్లూ నాట్యకత్తెలే అన్నాను. వైద్యులకు కూడా అక్కడ గుంబజులున్నాయి. అన్నీ విని, నీడలో రాతి మెట్టు మీద కూర్చుంది.

నేను వరద, గుర్రం కథ మొదలుపెట్టాను. ప్రేమంటే అదీ అన్నట్టు కొంచెం ఎక్కువే ఊగిపోతూ చెప్పాను. చివరిదాకా వినలేదు.

"గుర్రమెక్కి ఏరు దాటిండు, మంచిదే. వచ్చి వాకిట్ల నిలబడ్డంక ఆ పిల్ల తల్లి ఏమనాలె బిడ్డా? రావొద్దు దొరా అనాలెనా? అంటే ఊకుంటడా?"

నా దగ్గర జవాబు లేదు. తరవాత తనే అంది, "మీ తాత కూడ గట్లనే వచ్చిండు."

మా ఇంట్లో తాత కథ అందరికీ నోటికొచ్చు. పటేలు కొడుకు, బతుకమ్మ నాడు చెరువు కట్ట మీద కౌలు రైతు బిడ్డను చూసి, పైసా కట్నం లేకుండా చేసుకున్నాడు. తాత మనసు ఎంత గొప్పదో అని పెళ్లిళ్లలో, పేరంటాల్లో చెప్పుకుంటూనే ఉంటాం. నేనూ చెప్పాను, నా స్నేహితురాళ్లకు. ఆ రోజు అమ్మమ్మ చెప్పింది వేరే. వాళ్ల అయ్య ఆ రాత్రంతా నిద్రపోలేదు. ఒప్పుకోకపోతే కౌలు పోతుంది. ఒప్పుకుంటే ఊరు ఏమంటుందో. ఆమెను ఎవరూ అడగలేదు. పెళ్లయ్యాక వాళ్లమ్మ ఎల్లమ్మ బిడ్డను చూడటానికి వచ్చినప్పుడల్లా దొడ్డి దర్వాజ నుంచే లోపలికి వచ్చేది. ముందు వాకిట్లోంచి రమ్మని ఆ ఇంట్లో ఒక్కరూ అనలేదు, తాత కూడా. అలా పద్దెనిమిదేళ్లు.

"తాత మంచోడు కాదా అమ్మమ్మా?" అని అడిగాను. అడగకూడని మాటేమో, అయినా అడిగాను.

"మంచోడే. మంచోడు గాబట్టి బతికిన. కాకుంటే?"

అప్పటినుంచి ఈ కథను ఒకే ఒడ్డు నుంచి చెప్పడం నేను మానేశాను. అతను ఏం తెగించాడో అందరికీ తెలుసు. ఆమెకు తెగించే వీలు కూడా లేదు. యువరాజు ప్రేమిస్తే అది ప్రేమ, సాహసం, నగరం. చిచ్లం పిల్ల వద్దంటే ఏమయ్యేదో ఏ ఫెరిష్తా రాయడు. ఇష్టపడి ఉండొచ్చు, నేను కాదనను. కులీ దక్కనీలో అంత తీయని కవిత్వం రాసినవాడు, నన్హీ, సాంవ్లీ, ప్యారీ అని ఒక్కొక్క ప్రియురాలినీ పేరు పెట్టి వర్ణించినవాడు. అలాంటివాడిని ఇష్టపడటం కష్టమేం కాదు. కానీ ఆమె ఇష్టం గురించి మనకు దొరికిన ప్రతి మాటా మగవాళ్లదే, అందులోనూ ఆమెను చులకన చేసినవాళ్లది.

ఇంకో బాధ ఉంది, చెప్పేస్తాను. ఈ మధ్య భాగమతి పేరు వినబడితే చాలు, ఆమె మతం ఏది, మారిందా లేదా, ఊరికి ఏ పేరు ఉండాలి అని కొట్టుకుంటున్నారు. రెండు పక్షాలూ ఆమెను జెండా కర్రలా వాడుకుంటున్నాయి. ఆమెకు ఒక తల్లి ఉండేదని, ఆ తల్లి ఏ దర్వాజ నుంచి మహల్లోకి వెళ్లిందో అని ఆలోచించినవాళ్లు నాకు ఒక్కరూ కనబడలేదు. సినిమా పాటలా ఉండే బొమ్మలు మాత్రం ఎక్కడ చూసినా ఉంటాయి, సన్నని నడుము, చేతిలో తామరపువ్వు. అవి ఆమెను చూసి గీసినవి కావు.

ఆ సాయంత్రం శాలిబండలో మా పిన్నమ్మ ఇంటికి పోతూ పురానాపూల్ దగ్గర ఆటో ఆపమంది అమ్మమ్మ. చిచ్లం అంటే ఇప్పటి శాలిబండ వైపే అంటారని దారిలో చెప్పాను. పాత వంతెన మీద కూరగాయలు అమ్ముతున్నారు. గోడ పట్టుకుని కిందకు చూసింది. నీళ్లు పెద్దగా లేవు.

"గింతేనా ఏరు?" అంది. కాసేపు అలాగే నిలబడి, పావుకిలో పచ్చిమిరపకాయలు కొని ఆటో ఎక్కింది.