ఐదు తీగల బేస్ గిటార్‌లో తీగల మధ్య ఎడం ఎంత ఉండాలి?

స్లాప్ (తీగను బొటనవేలితో కొట్టి, వేలితో లాగే పద్ధతి) ఎక్కువగా వాయిస్తే బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర 18 నుంచి 19 మిల్లీమీటర్లు, వేళ్లతో మీటడమే ఎక్కువైతే 16.5 నుంచి 18 దాకా ఏదైనా సరిపోతుంది.

స్లాప్‌లో బొటనవేలితో కొట్టాక చూపుడువేలు తీగ కిందికి దూరి దాన్ని పైకి లాగాలి. సందు చాలకపోతే పక్క తీగ కూడా మోగుతుంది. మామూలుగా మీటేటప్పుడు వేలు తీగ కిందికి దూరదు. పైగా ఎడం తక్కువైతే ఒక తీగ మీంచి ఇంకోదానికి త్వరగా దాటుతుంది. ఈ ఎడాన్ని తీగ నడిమి నుంచి పక్క తీగ నడిమికి కొలవాలి. ఐదు తీగలకు సందులు నాలుగే కాబట్టి 19 అయితే మొత్తం 76, 16.5 అయితే 66. కాగితం మీద తేడా సెంటీమీటరే గానీ, చేతికి బాగా తెలుస్తుంది.

విజయనగరంలో సిరిమానోత్సవం రోజుల్లో ఆర్కెస్ట్రాలో నాలుగు తీగల బేస్ వాయించే కుర్రాడు ఐదు తీగలకు మారాడనుకోండి. ఫెండర్ కంపెనీ నాలుగు తీగల బేస్‌లో ఎడం మామూలుగా 19 దగ్గరే ఉంటుంది. పాత అలవాటు చెడకూడదంటే అదే వెతుక్కోవాలి. రాత్రంతా సినిమా పాటలకు మీటడమే పనైతే 17.5 హాయి.

చేతులు చిన్నవైతే ఎడం తక్కువుండాలని చాలామంది అనుకుంటారు. నిజానికి బ్రిడ్జి దగ్గర పనిచేసేది మీటే చెయ్యి. మెట్లు నొక్కే చేతికి ముఖ్యం నట్ (గిటార్ తల వైపు తీగలు ఆనే చిన్న పట్టీ) దగ్గరి వెడల్పు, నెక్ (మెట్లున్న పొడవాటి భాగం) మందం. ఐదు తీగల బేసుల్లో ఆ నట్ చాలావరకు 45 నుంచి 47 మిల్లీమీటర్లుంటుంది. బ్రిడ్జి ఎడం పెరిగితే పై మెట్ల దగ్గర మాత్రం నెక్ కాస్త వెడల్పవుతుంది.