కుర్చీ దిగినా మెట్ల మీద చెప్పుల చప్పుడు

ప్రశ్న: బాబాయిగారూ, మా అబ్బాయి ఎంబీఏ చదువుతున్నాడు. డిస్నీ కంపెనీ నడిపిన బాబ్ ఐగర్ లాంటి మేనేజర్ ఇంకొకడు లేడని వాడంటాడు. కంపెనీ పెట్టింది వాల్ట్ డిస్నీ, మిక్కీ మౌస్ ఆయనది, మధ్యలో వచ్చిపోయే జీతగాళ్లకి ఏం గొప్ప అని మా ఆయన. రోజూ అన్నం దగ్గర ఇదే గొడవ. సినిమా ఆఫీసులో చేసినవారు కదా, మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ఆ ఐగర్ మీ హాల్లోకి ఎప్పుడో వచ్చి కూర్చున్నాడు, మీరే గమనించలేదు. మీరు స్టార్ మాలో సీరియల్ చూస్తారనుకుందాం. 2015లో మా టీవీని స్టార్ వాళ్లు కొన్నారు. ఆ స్టార్ ఇండియా, దాని పైనున్న అమెరికా కంపెనీ ఫాక్స్‌తో పాటు 2019లో డిస్నీ చేతికి వెళ్లింది. 7,130 కోట్ల డాలర్ల ఆ బేరం ఆడింది ఐగరే. 2024 నవంబరులో ఆ వ్యాపారం రిలయన్స్‌తో కలిసి జియోస్టార్ అయింది, డిస్నీకి మిగిలిన వాటా 36.84 శాతం. మీ సోఫా అదే, రిమోట్ అదే, అత్తాకోడళ్లు వాళ్లే. తొమ్మిదేళ్లలో యజమాని మాత్రం మూడుసార్లు మారాడు.

నేను డాబాగార్డెన్స్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో ఇరవై ఏడేళ్లు లెక్కలు రాశాను. మా దగ్గర సినిమా మంచిచెడ్డలు మొదటివారం కలెక్షన్ చూసి తేల్చేవాళ్లం కాదు. రెండేళ్ల తర్వాత అదే ప్రింటు నర్సీపట్నంలో మళ్లీ వేస్తే జనం వస్తారా లేదా, అదీ లెక్క. ఐగర్ కొన్నవాటిని కూడా నేను అలాగే చూస్తాను. 2006లో 740 కోట్ల డాలర్లకి పిక్సార్, 2009లో సుమారు 400 కోట్లకి మార్వెల్, 2012లో మరో 400 కోట్లకి లూకాస్‌ఫిల్మ్. మూడూ సినిమా కంపెనీలే, మూడూ మళ్లీ మళ్లీ ఆడే సరుకే. ఫాక్స్ మాత్రం పక్కవాడు పాట పెంచుతున్నాడని ఎంజీ, అంటే ఆడినా ఆడకపోయినా ముందే కట్టే కనీస మొత్తం, ఎక్కువ కట్టి కొన్న బొమ్మ. బొమ్మ చెడ్డదని అనను, రేటు చెడ్డది.

ఐగర్‌కి ముందు మైకేల్ ఐస్నర్ ఉన్నాడు, 1984 నుంచి 2005 దాకా. మీ అబ్బాయి ఆయన గురించి కూడా చదివితే మంచిది. మొదటి పదేళ్లు పట్టిందల్లా బంగారమే. ‘లిటిల్ మెర్మెయిడ్’, ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’, ‘లయన్ కింగ్’ ఆ కాలంలోవే. పక్కన ఫ్రాంక్ వెల్స్ అని ప్రెసిడెంటు ఉండేవాడు. ఇద్దరూ ఒకేసారి కంపెనీలోకి వచ్చారు. 1994 ఏప్రిల్‌లో హెలికాప్టర్ కూలి వెల్స్ పోయాడు. అదే ఏడు బొమ్మల సినిమాలు చూసుకునే కాట్జెన్‌బర్గ్ వెళ్లిపోయి, ఇంకో ఇద్దరితో కలిసి డ్రీమ్‌వర్క్స్ పెట్టాడు. వెల్స్ కుర్చీలోకి తెచ్చుకున్న ఓవిట్జ్‌ని ఏడాదిన్నర కూడా తిరక్కముందే పంపేశారు. పంపినందుకు ఆయనకి ముట్టింది దాదాపు 14 కోట్ల డాలర్లు! చివరికి 2004 మార్చిలో వాటాదారుల మీటింగులో నూటికి నలభైకి పైగా ఓట్లవాళ్లు ఐస్నర్‌కి మద్దతు ఇవ్వలేదు. అదే మనిషి, అదే తెలివి. ‘వద్దండీ’ అని మొహం మీద చెప్పేవాడు పోయాడు, అంతే తేడా.

ఐగర్ సంగతికి వచ్చే ముందు మా ఆఫీసు కథ చెప్పాలి. మా ఓనరుగారికి ఎర్ర గుడ్డ అట్ట వేసిన పుస్తకం ఒకటి ఉండేది. పలాస నుంచి పాయకరావుపేట దాకా ఏ థియేటరు ఎంత బాకీ, ఎవరికి మాట మీద వదిలేయొచ్చు, ఎవరి దగ్గర డబ్బు తీసుకున్నాకే ప్రింటు పెట్టె బస్సెక్కించాలి, అంతా అందులోనే. అయితే మాటల్లో కాదు, గుర్తుల్లో. కొన్ని పేర్ల పక్కన టిక్కు, కొన్నిటికి సున్నా, రెండు మూడిటికి సున్నా మధ్యలో చుక్క. కుర్చీ కొడుక్కిచ్చారు, పుస్తకమూ ఇచ్చారు, చుక్క సంగతి చెప్పలేదు. ఒక సంక్రాంతికి చినబాబు ఆ చుక్క థియేటరుకి డబ్బు అందకుండానే పెట్టె పంపాడు. పండగ వెళ్లాక పెట్టె వచ్చింది, డబ్బు రాలేదు. చుక్కంటే అదన్నమాట.

అంతటితో పోతే సర్దుకునేవాడే. పెద్దాయన రోజూ సాయంత్రం ఐదింటికి ‘ఊరికే, కాఫీకి’ అంటూ వచ్చేవారు. ఇనప మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినబడగానే అటెండరు దగ్గర్నుంచి నా దాకా అందరం లేచి నిలబడేవాళ్లం. కుర్చీలో ఉన్న చినబాబు కూడా. మధ్యాహ్నం చినబాబు చెప్పిన రేటు కాఫీ అయ్యాక మారిపోయేది. థియేటర్ల వాళ్లేమైనా తక్కువ వాళ్లా? అందరూ ఐదు దాటాకే ఫోన్ చెయ్యడం మొదలెట్టారు. ఎనిమిది నెలలకి చినబాబు తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. పెద్దాయన మళ్లీ వచ్చి కూర్చున్నారు. ‘ఆయన లేకపోతే ఆ ఆఫీసే లేదు’ అని మార్కెట్లో అన్నారు. అప్పట్లో నేనూ దాన్ని పొగడ్తే అనుకున్నాను.

ఇప్పుడు ఐగర్. 2020 ఫిబ్రవరిలో కుర్చీ బాబ్ చేపెక్‌కి ఇచ్చాడు, కానీ ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్‌గా 2021 చివరి దాకా తనే ఉన్నాడు, సినిమాలూ కథల వ్యవహారం తన చేతిలోనే పెట్టుకుని. నెల తిరక్కుండా కోవిడ్ వచ్చి డిస్నీ వినోద పార్కులు మూతపడ్డాయి. చేపెక్ చేసిన తప్పులు చేపెక్‌కి ఉన్నాయి, కాదనను. 2022 నవంబరులో బోర్డు ఆయన్ని దింపి మళ్లీ ఐగర్‌నే తెచ్చింది. రెండేళ్లకని వచ్చినవాడికి 2023 జులైలో గడువు 2026 చివరి దాకా పొడిగించారు. ఆ వార్త పేపర్లో చదువుతుంటే నాకు మా ఇనప మెట్లే గుర్తొచ్చాయి.

కాబట్టి మీ అబ్బాయితో చెప్పండి: కొనడంలో ఐగర్‌కి నూటికి ఎనభై వేస్తాను, అప్పగించడంలో పాస్ మార్కులు కూడా వెయ్యను. మీ ఆయనకీ ఒక మాట. వాల్ట్ డిస్నీ పోయింది 1966లో. ఉత్త మిక్కీ మౌస్‌తోనే ఇన్నేళ్లు బండి నడిచిందంటే నేను ఒప్పుకోను. ఐస్నర్ చివరి రోజుల్లో పిక్సార్ వాళ్లతో మాటలు తెగిపోతే, దాని పెద్ద వాటాదారు స్టీవ్ జాబ్స్ దగ్గరికి వెళ్లి మళ్లీ కలుపుకున్నది ఈ జీతగాడే.

ప్రశ్న: కిందటి సంచికలో మీరూ హాలీవుడ్ కథలే చెప్పారు. మన తెలుగువాళ్లలో కుర్చీ సరిగ్గా అప్పగించినవాళ్లు లేరా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఉన్నారు నాయనా, మీ ఊరి నుంచి బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు వెళ్తే కొండ మీద వాళ్ల రామానాయుడు స్టూడియో కనబడుతుంది. రామానాయుడుగారు 1964లో సురేష్ ప్రొడక్షన్స్ పెట్టారు, 2015లో పోయారు. ఆయన ఉండగానే కొడుకు సురేష్‌బాబు ఏళ్ల తరబడి అదే ఆఫీసులో లెక్కలూ కథలూ చూశారు. ఆయన పోయాక ఆ బ్యానరు మూతపడలేదు. ఆ ఇంట్లోనూ ఎర్ర అట్ట పుస్తకం ఉందేమో నేనెరగను. మా పెద్దాయనది మాత్రం నా దగ్గరే ఉంది. సున్నా లేకుండా ఉత్త చుక్క ఒక్క పేరు పక్కనే ఉంది, శ్రీకాకుళం వైపు థియేటరు. దానికి అర్థం ఇప్పటికీ అంతుపట్టలేదు.