కార్నెట్ లిస్టూ, రెండు కట్టల అప్పడాలూ

బరంపురం

చిన్నా,

మలేషియాలో పేరాక్ వైపు కొబ్బరి తోటల్లో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళ మీద డాక్యుమెంటరీ తీయడానికి నలుగురు కలిసి వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. మా తాతమ్మ రోజుల్లో గోపాలపురంలో ఓడెక్కి రంగం, అదే రంగూన్, వెళ్ళినవాళ్ళు ఒక మూట పట్టుకుని బయల్దేరేవారట. నీకా వీలు లేదు. నీ వెంట కెమెరా ఉంది, దానికి నీకన్నా ఎక్కువ కాగితాలు కావాలి.

టూరిస్టుల్లా వెళ్ళి చటుక్కున షూట్ చేసుకొచ్చేద్దామని మీలో ఎవడో ఒకడు అనే ఉంటాడు. 2023 డిసెంబరు నుంచి మనవాళ్ళకి 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు కదా, ఆ ధైర్యం. ఆ వెసులుబాటు తిరగడానికే. బయటివాళ్ళు అక్కడ షూటింగ్ చేయాలంటే పుస్పాల్ అనే కమిటీ అనుమతి కావాలి, దరఖాస్తు అక్కడి కంపెనీ ద్వారా పెట్టాలి. ముందు అక్కడి మనిషిని పట్టుకో. టికెట్లు తర్వాత.

ఇక అసలు సంగతి, లిస్టు. సామాను అక్కడికి తీసుకెళ్ళి, సుంకం కట్టకుండా వెనక్కి తెచ్చుకోవడానికి ఏటీఏ కార్నెట్ అని ఒక కస్టమ్స్ కాగితం ఉంటుంది. మన దేశంలో ఫిక్కీ అనే వాణిజ్య సంఘాల సమాఖ్య ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది. అందులో వస్తువులన్నీ సీరియల్ నంబర్లతో సహా రాయాలి. ఇక్కడ ఎక్కేటప్పుడు, అక్కడ దిగేటప్పుడు, మళ్ళీ అక్కడ ఎక్కేటప్పుడు, ఇక్కడ దిగేటప్పుడు ముద్ర పడాలి. ఒక్కటి తప్పినా సామాను అక్కడే అమ్మేశావనుకుని సుంకం అడుగుతారు. అన్ని ఎయిర్‌పోర్టుల్లోనూ కార్నెట్ తీసుకోరు. విశాఖో భువనేశ్వరో, ఎక్కేచోట కస్టమ్స్‌ని ముందే అడుగు.

2009లో నేను మారిషస్ వెళ్ళొచ్చిన కథ సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. బయల్దేరే ముందురోజు ఒక లెన్సుకి ఫోకస్ రింగు పట్టేసింది. స్నేహితుడి దగ్గర అలాంటిదే ఇంకోటి అడిగి తెచ్చి పెట్టెలో పడేశాను, మోడల్ ఒకటేగా అని. వెళ్ళేటప్పుడు ఎవరూ చూడలేదు. తిరిగొచ్చాక ఆఫీసరు లెన్సు వెనక్కి తిప్పి, కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, "ఈ నంబరు మీ కాగితంలో లేదే" అన్నాడు. తెల్లవారుజాము నాలుగున్నర నుంచి మధ్యాహ్నం దాకా అక్కడే బెంచీ మీద. బరంపురం రైలు వెళ్ళిపోయింది. ఆయన్నేమంటాం, తప్పు నాది.

బ్యాటరీలు చేతి సామానులోనే పెట్టాలి. వాటిమీద వాట్ అవర్లు రాసి లేకపోతే వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణించు. 14.8 వోల్టులు, 6.6 ఆంపియర్ అవర్లయితే 98 లోపే, ఫరవాలేదు. 100 దాటి 160 లోపుంటే ఎయిర్‌లైన్సు ఒప్పుకోవాలి, అదీ మనిషికి రెండే. ఆపైన అసలు ఎక్కించరు. బ్యాటరీల కొసలకి టేపు అంటించు.

కరెంటు మనలాగే 50 హెర్ట్జ్, లైట్ల కింద గీతలు పడతాయన్న టెన్షన్ లేదు. ప్లగ్గుకి మాత్రం పలక పిన్నులు, అడాప్టర్లు కొనుక్కో. ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తెస్తే లెన్సుకి చెమట పడుతుంది. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచు. డ్రోన్ వద్దు, దాని అనుమతులు వేరే తలనొప్పి.

రోజూ రాత్రి కార్డుల్ని రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించి, చెరొకటి ఇద్దరి బ్యాగుల్లో పెట్టండి. నిద్రొస్తోంది రేపు చూద్దామన్నవాడికి టిఫిన్ పెట్టొద్దు.

అక్కడి పెద్దవాళ్ళ తెలుగులో మలయ్ మాటలు, అరవం మాటలు దొర్లుతాయి. మన మాటల్లో ఒడియా దొర్లదూ! సరిచేయకు. "ఇంకోసారి శుభ్రంగా చెప్పండమ్మా" అన్నావా, రెండోసారి పాఠం అప్పజెప్పినట్టు చెబుతారు. ఫ్యాను ఆపించి, మైకు పెట్టి, పది నిమిషాలు కెమెరా జోలికి పోకుండా వాళ్ళ ఊరూ పేరూ అడుగు. వట్టి చేతుల్తో మాత్రం వెళ్ళకు. మన బరంపురం అప్పడాలు రెండు కట్టలు పట్టుకెళ్ళు, ట్రైపాడ్ పక్కన పెట్టకు, పొడి అయిపోతాయి.

ఆదివారం పెట్టెలన్నీ మా ఇంటికి తీసుకురా. వరండాలో చాప పరుస్తాను. ఒక్కో వస్తువూ తీసి నువ్వు నంబరు చదువు, నేను లిస్టులో టిక్కు పెడతాను. మీ అత్తయ్య పెసరట్లు వేస్తానంటోంది, పొద్దున్నే రండి.

మీ మామయ్య