రీబూట్ బాగుంటుందో లేదో ముందే తెలుస్తుందా? రెండుసార్లు బోల్తా పడ్డవాడి జవాబు

ప్రశ్న: ఇష్టమైన సూపర్‌హీరో సినిమాని కొత్త హీరోతో మళ్ళీ మొదటి నుంచి తీస్తున్నారు. ఫ్యాన్స్‌లో సగం మంది చెత్త అంటున్నారు, సగం మంది అదిరిపోతుంది అంటున్నారు. ఎవర్ని నమ్మాలి?

ఇద్దర్నీ నమ్మకండి. నేను ఆ రెండు గుంపుల్లోనూ ఉన్నాను, రెండుసార్లూ తప్పే చెప్పాను.

మొదటిది 2012లో. అప్పుడు అమీర్‌పేటలో హాస్టల్లో ఉండేవాణ్ణి. సామ్ రైమీ తీసిన మూడు స్పైడర్‌మ్యాన్ సినిమాలతోనే నా చిన్నతనం గడిచింది. 2007లో మూడోది మా ఊరి హాల్లో తెలుగులో చూశాం (మన దేశంలో భోజ్‌పురిలో కూడా వచ్చిందది, నిజం). నాలుగోదాని కోసం ఎదురుచూస్తుంటే 2010 జనవరిలో ఆపేశారు. హీరోగా టోబీ మగ్వైర్‌ని తీసేసి ఆండ్రూ గార్ఫీల్డ్‌ని పెట్టి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. మా ఇంట్లో మనిషిని బయటికి పంపేసినంత కోపం వచ్చింది నాకు.

మా రూమ్మేట్‌కి కామిక్స్ పిచ్చి. వాడి వాదనంతా వెబ్ మీదే, అంటే స్పైడర్‌మ్యాన్ విసిరే సాలెగూడు దారం మీదే. రైమీ సినిమాల్లో వెబ్ పీటర్ (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు) మణికట్టులోంచే వస్తుంది. కామిక్స్‌లో మాత్రం పీటర్ తయారుచేసుకున్న చిన్న యంత్రంలోంచి వస్తుంది. కొత్త సినిమాలో ఆ యంత్రం పెట్టారు కాబట్టి అసలైన స్పైడర్‌మ్యాన్ ఇప్పుడొస్తున్నాడంటాడు వాడు. "పీటర్ బాబాయ్ చావు పదేళ్ళ కిందే చూశాం కద మామా, మళ్ళీ ఏడవాలా?" అంటాను నేను. మెస్ మూసేశాక కూడా మెట్ల మీద కూర్చుని ఇదే గొడవ. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! చివరికి పందెం కాశాం. సినిమా బాగుంటే బిర్యానీ నేను పెట్టించాలి, బాగోకపోతే వాడు.

నా కళ్ళజోడు మీద త్రీడీ కళ్ళజోడు పెట్టుకుని, అది జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని చూశాను. మొదటి భాగమంతా నేనే గెలిచాననుకున్నా. మళ్ళీ సాలీడు కుట్టింది, మళ్ళీ బాబాయ్ పోయాడు. ఇంతవరకు చెప్పని కథ అని ఊరించి, చెప్పిందే చెప్తున్నారేంటని గొణిగాను.

అప్పుడొచ్చింది బ్రిడ్జి సీన్. రాక్షస బల్లి కార్లను బ్రిడ్జి మీంచి విసిరేస్తుంటుంది. వేలాడుతున్న ఒక కారులో చిన్న పిల్లాడు ఇరుక్కుపోతాడు. వాడు భయంతో బిగుసుకుపోతే స్పైడర్‌మ్యాన్ తన మాస్క్ తీసి వాడికిచ్చి, పెట్టుకో, బలం వస్తుంది అంటాడు. ఆ పిల్లాడు మాస్క్ తగిలించుకుని పైకి పాకుతుంటే నా చేతిలోంచి కళ్ళజోడు జారిందని కూడా చూసుకోలేదు. టోబీ సినిమాల్లో ఇలాంటిది లేదు. ఈ పీటర్ వేరే మనిషి.

బయటికొచ్చాక పందెం తేలలేదు. అదే బ్రిడ్జి మీద కారులో కనిపించిన మన ఇర్ఫాన్ ఖాన్ తర్వాత ఏమయ్యాడో సినిమా చెప్పదు, అది నా పట్టు. వాడికి బ్రిడ్జి సీన్ ఒక్కటి చాలట. బిల్లు చెరిసగం కట్టాం.

రెండోది 2015 నాటి ఫెంటాస్టిక్ ఫోర్, నలుగురు సూపర్‌హీరోల జట్టు కథ. ఈసారి నేను అవతలి గుంపులో ఉన్నాను. డైరెక్టర్ జోష్ ట్రాంక్ అంతకుముందు తీసిన సినిమా నాకు బాగా నచ్చింది, ట్రైలర్ కూడా సీరియస్‌గా ఉంది. ఆఫీసులో నలుగుర్ని లాక్కుపోయాను. తర్వాత నెల రోజులు నన్ను సినిమాకి పిలిచినవాడు లేడు. విడుదలకి ముందురోజే డైరెక్టర్ స్వయంగా, ఏడాది కింద నా దగ్గర దీని అద్భుతమైన వెర్షన్ ఉండేది, మీరది చూడలేరేమో అన్నట్టు ట్వీట్ పెట్టి తీసేశాడు. మళ్ళీ షూట్ చేసిన సీన్లలో హీరోయిన్ విగ్గు తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. విగ్గు చూసి ఏ సీన్ ఎప్పుడు తీశారో చెప్పొచ్చు.

ఇప్పుడు నేను హీరో ఎవరన్నది పట్టించుకోను. హీత్ లెడ్జర్‌ని బ్యాట్‌మ్యాన్ విలన్ జోకర్‌గా తీసుకుంటే ఫ్యాన్స్ గోలగోల చేశారు, ఆ పాత్రకే ఆయనకి ఆస్కార్ వచ్చింది. రాబర్ట్ ప్యాటిన్సన్‌ని బ్యాట్‌మ్యాన్‌గా వద్దని పిటిషన్లు కూడా పెట్టారు. ట్రైలర్ కూడా అంతే, రెండు నిమిషాలు బాగుండేలా కోయడం పెద్ద విద్యేం కాదు.

నేను చూసేది, జనం ఇదివరకే చూసేసిన భాగాన్ని మళ్ళీ చూపిస్తారా లేదా అని. 2005లో డైరెక్టర్ క్రిస్టఫర్ నోలన్ బ్యాట్‌మ్యాన్ పుట్టుక కథ చెప్తే కొత్తగా ఉంది, ఎందుకంటే అప్పటిదాకా తెర మీద దాన్ని అంత వివరంగా ఎవరూ చెప్పలేదు. టామ్ హాలండ్ స్పైడర్‌మ్యాన్ 2017లో సొంత సినిమా చేసినప్పుడు సాలీడు కుట్టడం, బాబాయ్ చావు రెండూ వదిలేశారు. 2025లో వచ్చిన సూపర్‌మ్యాన్ కూడా అతను పుట్టిన గ్రహం పేలిపోవడంతో కాదు, హీరో మొదటిసారి దెబ్బ తిని మంచులో పడటంతో మొదలవుతుంది. అదే ఏడాది ఫెంటాస్టిక్ ఫోర్ ఆ నలుగురూ హీరోలై నాలుగేళ్ళయ్యాక మొదలైంది. ఈ మూడింటికీ నేను ధైర్యంగా ముందే టికెట్ కొన్నాను.

మళ్ళీ తీయడమే తప్పు అనేవాళ్ళకి ఒక మాట. శశిరేఖ పెళ్ళి కథ 1936లోనే తెలుగులో సినిమాగా వచ్చింది. మనం ఇప్పటికీ చెప్పుకునే మాయాబజార్ 1957ది.

ఇక ఆండ్రూ సంగతి. 2014లో వచ్చిన రెండో సినిమాలో కింద పడిపోతున్న తన ప్రియురాలు గ్వెన్‌ని అతను బతికించలేకపోతాడు. 2021 డిసెంబరులో ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లు కలిసిన సినిమాలో టామ్ హాలండ్ పీటర్ ప్రియురాలు ఎమ్జే అలాగే పడిపోతుంటే ఈసారి ఆండ్రూ దూకి పట్టుకుంటాడు. కిందికి దించి, బాగానే ఉన్నావా అని అడిగేటప్పుడు అతని మొహం చూడాలి. హాలంతా అరుపులు. నా గొంతు మర్నాటికి కూడా బాగుపడలేదు.

బయటికొచ్చి రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. వాడు ఎత్తగానే హలో కూడా అనలేదు. "బిర్యానీ బిల్లులో నా సగం పంపించు మామా" అన్నాడు.