మొక్కలకి నీళ్లు పోయడానికి డిగ్రీ ఎందుకు అంటే...

ఖమ్మం నుంచి ఒక తల్లి అడిగారు. పాప ఇంటర్ ఎంపీసీ సెకండియర్, కంప్యూటర్స్ వద్దంట, సిటీల్లో పార్కులు చెరువులు డిజైన్ చేసే కోర్సే చేస్తానంటోంది, వాళ్ల నాన్నేమో మొక్కలకి నీళ్లు పోయడానికి డిగ్రీ ఎందుకే అంటున్నారట.

అమ్మా, ఆయన్ని ఒకసారి రోడ్డు మధ్య డివైడర్ చూడమనండి. చాలాచోట్ల మట్టి రోడ్డుకన్నా ఎత్తులో పోసి మొక్కలేస్తారు, వానొస్తే ఆ బురదంతా రోడ్డు మీదకే వస్తుంది, నీళ్లు మాత్రం ఇంకవు. అదే మట్టి ఒక అడుగు కిందకి ఉంచి పక్క రాయికి అక్కడక్కడా సందు వదిలితే రోడ్డు నీళ్లే లోపలికి దిగి ఇంకిపోతాయి, మొక్కలకి ట్యాంకర్ ఖర్చూ తగ్గుద్ది. ఇక కోనోకార్పస్ చెట్టు సంగతి తెలిసిందేగా, త్వరగా పెరుగుద్దని ఊరూరా వేసేశారు, తీరా చూస్తే ఎలర్జీలని, వేళ్లు డ్రైనేజీలోకి పోతున్నాయని గోల, గుజరాత్ 2023లో నిషేధించింది కూడా. ఏ చెట్టు ఎక్కడెయ్యాలి, నీళ్లు ఎటు పోవాలి, మధ్యాహ్నం మూడింటికి బస్టాపులో నీడ ఏ వైపు పడాలి, ఇదీ ఆ పని. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడ మునిగాక కూడా ఇది తోటపని అంటే ఏం చెప్తాం.

కోర్సులకొస్తే, బొమ్మలేసే చెయ్యి ఉంటే బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) అయిదేళ్లు, తర్వాత ల్యాండ్‌స్కేప్‌లో, అంటే మీ పాప అడిగే పార్కులు చెరువుల డిజైన్‌లో, పీజీ రెండేళ్లు, విజయవాడ ఎస్పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) రెండూ ఉన్నాయి. డ్రాయింగ్ కన్నా మ్యాపులు, లెక్కలు ఇష్టమైతే బీప్లాన్ (ఊళ్ల ప్లానింగ్ డిగ్రీ) నాలుగేళ్లు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ దగ్గర జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీటెక్ ప్లానింగ్ ఉంది, దానికి ఎంసెట్ ర్యాంకు చాలు (ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు, నా నోరు తిరగదు).

జీతం దాచను. మొదట్లో సాఫ్ట్‌వేర్ వాళ్లంత రాదు, కన్సల్టెన్సీల్లో ఆలస్యంగా పెరుగుద్ది, మున్సిపల్ టౌన్‌ప్లానింగ్ పోస్టులకి నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. చదువయ్యాక జీతం కోసం మూడేళ్లు ఆగగలిగే ఇల్లయితేనే పంపండి.

ఇంకోటి, జేఈఈ మెయిన్ అప్లికేషన్‌లో బీఆర్క్‌కి పేపర్ 2ఏ, బీప్లాన్‌కి 2బీ విడిగా టిక్ పెట్టాలి. ఏటా ఎంతమందో ఇంజనీరింగ్ పేపర్ ఒక్కటే పెట్టేసి డేట్ అయిపోయాక నాకు ఫోన్ చేస్తారు.